నాలుగు రాతి గ్రహాలు, అసలు బరువులతో: ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నాను

సూర్యుడికి దగ్గరగా ఉన్న నాలుగు గ్రహాలనూ, అంటే బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడిని, ఒకే స్కేలులో బంతులుగా చేస్తున్నాను. ఇలాంటి నమూనాలు చాలామంది చేస్తారు. థర్మోకోల్ బంతులకు రంగులేసి వరసగా తగిలిస్తారు, చూడ్డానికి బాగుంటాయి. కానీ చేతిలోకి తీసుకుంటే నాలుగూ గాలిలా తేలిగ్గా ఉంటాయి. సైజు కంటికి తెలుస్తుంది, బరువు మాత్రం పుస్తకంలో అంకెగానే మిగిలిపోతుంది. రాతి గ్రహం గురించి ముందుగా తెలుసుకోవాల్సింది దాని బరువేనని నా గట్టి నమ్మకం. లోపల ఇనుమెంత, రాయెంత అన్నది బయటపడేది అక్కడే. అందుకని ఈ బంతులకు సైజుతో పాటు బరువు కూడా నిజమైనదే ఉండాలని పెట్టుకున్నాను. లోపల ఉక్కు గుండు, చుట్టూ రాయిలా గట్టిపడే సిమెంటు మాలు.

పనిలో అక్క కూతురు తోడుంది. తొమ్మిదో తరగతి. లెక్కలన్నీ రెండోసారి తనే వేసి సరిచూస్తోంది.

శనివారం: స్కేలు

1 సెంటీమీటరుకు 1,000 కిలోమీటర్లు. అంటే ప్రతి గ్రహమూ పది కోట్ల వంతుకు తగ్గుతుంది. బుధుడి వ్యాసం 4,879 కి.మీ. కాబట్టి బంతి 4.88 సెం.మీ. అంగారకుడు 6.78, శుక్రుడు 12.1, భూమి 12.74 సెం.మీ.

ఈ స్కేలునే పట్టుకోవడానికి ఒక మంచి కారణం ఉంది. పొడవు పది కోట్ల వంతయితే ఘనపరిమాణం 10²⁴ వంతుకు తగ్గుతుంది. గ్రహాల ద్రవ్యరాశిని కూడా మామూలుగా 10²⁴ కిలోల లెక్కలోనే రాస్తారు. భూమిది 5.97 × 10²⁴ కిలోలు. సాంద్రత మారకుండా పది కోట్ల వంతుకు కుదిస్తే మిగిలేది సరిగ్గా 5.97 కిలోలు! పట్టికలో ఉన్న అంకెనే నేరుగా కిలోల్లో చదువుకోవచ్చు. శుక్రుడు 4.87 కిలోలు. అంగారకుడు 642 గ్రాములు. బుధుడు 330 గ్రాములు.

ఈ నాలుగు అంకెలే మా లక్ష్యం. ఏ బంతి వాటికి ఎంత దగ్గరకొస్తుందో, ఏది ఎందుకు రాదో చూడటమే ఈ ప్రాజెక్టు.

దూరాలు మాత్రం బల్ల మీద ఇమడవు. ఇదే స్కేలులో సూర్యుడు దాదాపు 14 మీటర్ల అడ్డుకొలత ఉన్న గోళం. అక్కడి నుంచి బుధుడు 580 మీటర్ల దూరంలో, భూమి కిలోమీటరున్నర దూరంలో, అంగారకుడు రెండుంపావు కిలోమీటర్ల అవతల ఉండాలి. అంత దూరం నడిచి చూపించే ఆలోచన ఉంది గానీ అది వేరే పని.

ఆదివారం: మాలు పరీక్ష

రాయికి బదులు ఏం వాడాలన్నది మొదటి ప్రశ్న. భూమి మాంటిల్ (పైపెంకు కిందుండే మందపాటి రాతి పొర) పైభాగంలో ఉండే పెరిడొటైట్ రాయి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.3 గ్రాములు. మామూలు సిమెంటు, ఇసుక కలిపిన మాలు ఆరాక 2.1 దగ్గర ఆగుతుంది. దాన్ని 3.3కి తేవాలంటే బరువైనది ఏదో కలపాలి. ఇనప రజను అయితే సులువు. లెక్క కూడా అందంగా కుదిరింది: మాలు సగం, ఇనప రజను సగం, బరువు ప్రకారం. అలా కలిపితే సరిగ్గా 3.3 వస్తుంది.

5 సెం.మీ. ఘనం ఒకటి పోత పోసి, ఆరాక తూచాం. 412 గ్రాములు. ఘనపరిమాణం 125 ఘన సెం.మీ. కాబట్టి 3.3 వచ్చినట్టే.

సిమెంటులో ఇనుము వేస్తే తుప్పు పడుతుందేమోనని అక్క కూతురు అడిగింది. సిమెంటు గట్టి క్షారం. ఆ క్షారంలో ఇనుము మీద పల్చటి రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. కాంక్రీటులో ఊచలు ఏళ్ళ తరబడి నిలిచేది అందువల్లే.

రజను కిందికి దిగిపోకుండా చూడటం ఈ పోతలో అసలు కష్టం. మాలు పల్చగా ఉంటే ఇనుమంతా అడుగుకు చేరుతుంది, అప్పుడు బంతి ఒక పక్కకు బరువై వంకరగా దొర్లుతుంది. నీళ్ళు బాగా తగ్గించి, ముద్ద నొక్కితే వేలిముద్ర నిలిచేంత గట్టిగా కలపాలి. మూత బిగించాక మొదటి గంటంతా అచ్చును కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, సన్నటి రజను ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అచ్చులు త్రీడీ ప్రింటర్ మీద రెండేసి సగాలుగా వచ్చాయి. లోపలి గుండు సరిగ్గా మధ్యలో నిలబడటానికి అదే మాలుతో చిన్న దిమ్మెలు చేసి ఆరబెట్టాం.

బుధవారం: బుధుడు

బుధుడి వ్యాసార్థం 2,440 కి.మీ. అందులో కోర్, అంటే మధ్యలోని ఇనప గోళం, దాని వ్యాసార్థమే దాదాపు 2,020 కి.మీ. ఈ వాక్యం చదివినప్పుడు పెద్దగా ఏమీ అనిపించదు. 4 సెం.మీ. అడ్డుకొలత ఉన్న బేరింగు గుండును అచ్చులో పెట్టినప్పుడు తెలిసింది. చుట్టూ మిగిలిన సందు 4.4 మిల్లీమీటర్లు! ఆ సందులోనే బుధుడి మాంటిల్, పైపెంకు, గుంటలు, కొండలు, లావా మైదానాలు అన్నీ. అచ్చులో మాలు పోయడానికి చోటే లేదు. ముందు వేళ్ళతో గుండు చుట్టూ అద్ది, ఆ తర్వాత సగాలు రెండూ కలిపి బిగించాం.

గ్రహమంటే పైన రాయి, లోపల కొంచెం ఇనుము అనుకుంటాం. ఇక్కడ ఇనప గుండుకే కాస్త రాయి పూసినట్టుంది. ఎందుకిలా అయ్యిందన్న దానికి పాత జవాబు ఒకటుంది. మొదట్లో ఏదో పెద్ద గోళం ఢీకొట్టి పై రాతినంతా ఊడ్చుకుపోయిందని. కానీ 2011 నుంచి 2015 వరకు బుధుడి చుట్టూ తిరిగిన మెసెంజర్ నౌక ఉపరితలం మీద గంధకం, పొటాషియం, సోడియం బాగానే ఉన్నాయని చూపించింది. విపరీతమైన వేడికి ఇవి ముందుగా ఆవిరైపోవాలి. కాబట్టి ఆ ఢీకొట్టిన కథను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం కష్టమైంది. 2018లో బయల్దేరిన బెపికొలంబో నౌక బుధుడి కక్ష్యలో కుదురుకున్నాక ఈ ముడి కొంతైనా విప్పాలని నేను ఎదురుచూస్తున్నాను.

ఆరాక తూచాం: 349 గ్రాములు. కావాల్సింది 330. అంటే 19 గ్రాములు ఎక్కువ.

ఈ 19 గ్రాములు నాకు చాలా నచ్చాయి. మేం పెట్టింది అచ్చమైన ఉక్కు. బుధుడి కోర్ ఉక్కంత బరువైనదైతే గ్రహం ఇంకా ఎక్కువ తూగాలి. తూగడం లేదంటే ఆ కోర్‌లో ఇనుముతో పాటు తేలికైనవి, సిలికాన్, గంధకం లాంటివి, కలిసి ఉన్నాయన్నమాట. శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే. అలా కలిసినవాటి వల్ల ఇనుము గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఇంత చిన్న గ్రహం లోపల ఇప్పటికీ ద్రవ లోహం మిగిలి ఉండటానికి అదొక కారణం. ఆ ద్రవం ఉందని 2007లో భూమ్మీది రాడార్లతోనే పట్టుకున్నారు. బుధుడు తిరిగేటప్పుడు వచ్చే చిన్న ఊగిసలాటను కొలిస్తే, పై రాతి పెంకు లోపలి కోర్‌కు గట్టిగా అతుక్కుని లేదని తేలింది. బలహీనంగానైనా బుధుడికి సొంత అయస్కాంత క్షేత్రం ఉంది, మన భూమి క్షేత్రంలో దాదాపు నూరో వంతు.

శుక్రవారం: అంగారకుడు

అంగారకుడి కోర్ ఎంతో 2018లో అక్కడ దిగిన నౌక ఇన్‌సైట్ చెప్పింది. నేల మీద భూకంపమాపకం పెట్టి, అక్కడి ప్రకంపనలు లోపలి పొరల్లో ఎలా వంగి వస్తున్నాయో నాలుగేళ్ళు విన్నది. 2021లో కోర్ వ్యాసార్థం సుమారు 1,830 కి.మీ. అన్నారు. 2023లో మళ్ళీ చూస్తే కోర్ చుట్టూ కరిగిన రాతి పొర ఒకటి ఉన్నట్టు కనబడింది. దాన్ని విడదీశాక కోర్ 1,650 కి.మీ. చిల్లరకు తగ్గింది. మేం 33 మి.మీ. గుండు పెట్టాం. చుట్టూ 17 మి.మీ.కు పైగా మాలు పట్టింది. బుధుడి తర్వాత ఇది చేయడం హాయిగా ఉంది.

బరువు 621 గ్రాములు. కావాల్సింది 642. ఈసారి 21 గ్రాములు తక్కువ.

అంగారకుడి మాంటిల్ రాతిలో ఐరన్ ఆక్సైడ్ భూమి మాంటిల్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. మేం వాడిన 3.3 మాలు భూమి రాతికి సరిపోయింది, అంగారకుడి రాయి దానికంటే బరువు. ఇనుము కోర్‌లోకి పూర్తిగా దిగకుండా రాతిలోనే చాలా మిగిలిపోయిన గ్రహమది.

ఇక్కడ డైరీలో రాయాల్సిన ముఖ్యమైన సంగతి వేరే ఉంది. రెండు బంతులూ ఆరాక అక్క కూతురు చేతికిచ్చాను. అంగారకుడి వ్యాసం బుధుడి కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. ఘనపరిమాణం చూస్తే రెండున్నర రెట్లకు పైనే. తను రెండు చేతుల్లో రెండూ పట్టుకుని కాసేపు పైకీ కిందికీ ఊపింది.

“పిన్నీ, ఈ చిన్నది దీని సైజుకి మరీ బరువుగా ఉంది కదా. దీని మీద నిలబడితే ఎక్కువ లాగుతుందా?”

“నువ్వే లెక్క వెయ్యి. బరువును వ్యాసార్థంతో రెండుసార్లు భాగించు.”

గ్రహం మీద గురుత్వం దాని ద్రవ్యరాశిని వ్యాసార్థపు వర్గంతో భాగిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది. మా స్కేలులో గ్రాములూ సెంటీమీటర్లూ పెట్టినా నిష్పత్తి చెడదు. అసలు లక్ష్య బరువులతో తను వేసిన లెక్క ఇదీ. బుధుడు: 330ను 2.44తో రెండుసార్లు భాగిస్తే 55.4. అంగారకుడు: 642ను 3.39తో రెండుసార్లు భాగిస్తే 55.9.

దాదాపు సమానం! నిజంగా కొలిచినా అంతే, రెండింటి మీదా గురుత్వం సెకనుకు సెకనుకు 3.7 మీటర్లు. చిన్నదే అయినా బరువైన బుధుడు, పెద్దదే అయినా తేలికైన అంగారకుడు మనిషిని ఒకే బలంతో లాగుతారు. భూమికి అదే లెక్క వేస్తే 147 వచ్చింది. 55ను 147తో భాగిస్తే 0.38 దగ్గర. భూమ్మీద 60 కిలోలు చూపించే మనిషి ఈ రెండు చోట్లా 23 కిలోల దగ్గర చూపిస్తాడు. ఈ భాగహారాలన్నీ తను అచ్చుల అట్టపెట్టె మూత మీద వేసింది. ఆ మూత దాచిపెట్టాను.

మరుసటి వారం: శుక్రుడు, భూమి

పెద్ద బంతులు రెండూ ఒకేసారి పోశాం. భూమికి 7 సెం.మీ. ఉక్కు గుండు. అదొక్కటే కిలో 400 గ్రాములు. భూమి కోర్ వ్యాసార్థం 3,480 కి.మీ. కాబట్టి ఇది సరిపోతుంది. శుక్రుడికి 6.5 సెం.మీ. గుండు తీసుకున్నాం. శుక్రుడి లోపలి పొరలను చూపించేంతగా అక్కడి ప్రకంపనలు విన్నవాళ్ళు ఇంతవరకు లేరు. అక్కడ దిగిన నౌకల్లో 1982 నాటి వెనెరా 13 పనిచేసింది 127 నిమిషాలే. కోర్ సైజు మీద ఉన్న అంచనాల్లో వందల కిలోమీటర్ల తేడా ఉంది, ఆ హద్దుల్లోనే ఉండేలా గుండు ఎంచుకున్నాం.

అచ్చుల్లోంచి తీసి, తడిగుడ్డల్లో ఉంచి, బాగా ఆరనిచ్చాక తూచాం. శుక్రుడు 3.70 కిలోలు, కావాల్సింది 4.87. భూమి 4.36 కిలోలు, కావాల్సింది 5.97.

భూమికి కిలో 600 గ్రాములకు పైగా తక్కువ! చిన్న బంతులకు 20 గ్రాముల తేడా వస్తే, ఇక్కడ మొత్తం బరువులో పావు వంతుకు పైనే లేదు. పదార్థం అదే. ఉక్కు అదే, మాలు అదే.

తేడా తెచ్చింది ఒత్తిడి. భూమి కేంద్రంలో పీడనం మన వాతావరణ పీడనానికి దాదాపు 36 లక్షల రెట్లు. ఆ నొక్కుడుకు ఇనుము కుంచించుకుపోతుంది. బల్ల మీది ఇనుము సాంద్రత 7.9 అయితే, భూమి లోపలి కోర్‌లో అది 13 దాకా వెళ్తుంది. మాంటిల్ అడుగున రాయి కూడా 5.5కు పైగా బిగుసుకుంటుంది. కోర్ బరువునైనా బల్ల మీద తేవాలంటే కోర్‌కు సీసం వాడాలి, దాని సాంద్రత 11.3. భూమి కోర్ మొత్తానికి సగటు సాంద్రత కూడా సుమారు 11 కాబట్టి లెక్క దాదాపుగా సరిపోతుంది. కానీ రెండు కిలోల సీసం కరిగించి పోయడం ఇంట్లో చేసే పని కాదు. ఆ పొగ, ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. అదీగాక సీసం పెడితే కోర్ అంకె కుదురుతుంది గానీ అసలు సంగతి మరుగున పడుతుంది. ఉక్కు బంతినే ఉంచేశాను. పక్కన కార్డు మీద “లేని బరువు: కిలో 610 గ్రాములు, కారణం: ఒత్తిడి” అని రాశాను.

నాలుగింటినీ వరసగా పెట్టి చూస్తే చాలా స్పష్టంగా ఉంది. బుధుడు 6 శాతం ఎక్కువ, అంగారకుడు 3 శాతం తక్కువ, శుక్రుడు 24 శాతం తక్కువ, భూమి 27 శాతం తక్కువ. గ్రహం పెద్దదయ్యే కొద్దీ లోపలి పదార్థం ఎక్కువ నలుగుతుంది.

పట్టికల్లో భూమి సాంద్రత 5.51, బుధుడిది 5.43 అని ఉంటుంది. అది చూసి రెండింటి లోపలా ఒకే పాళ్ళలో ఇనుముందని అనుకుంటారు. భూమి సాంద్రతలో ఒత్తిడి భాగం తీసేస్తే అది 4 చిల్లరకు పడిపోతుంది, బుధుడిది 5.3 దగ్గరే నిలుస్తుంది. ఆ పట్టిక రాసేవాళ్ళు ఈ రెండో అంకె కూడా పక్కన రాస్తే ఎంత బాగుండేదో.

శనివారం: వాలుబల్ల

లోపలికి తొంగి చూడకుండా బరువు ఎక్కడ పోగుపడిందో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. వాలు మీద దొర్లించడం. బరువు మధ్యలో పోగుపడిన బంతి, బరువు సమానంగా పరుచుకున్న బంతి కంటే వేగంగా దిగుతుంది. సైజుతో, మొత్తం బరువుతో సంబంధం లేదు.

పోటీకి ఉక్కు లేకుండా అచ్చం మాలుతోనే అంగారకుడి సైజు బంతి ఇంకోటి పోశాం. రెండు మీటర్ల బల్లకు ఒక పక్క కాస్త ఎత్తు పెట్టి, చెక్క పట్టీతో అన్నింటినీ ఒక గీత మీద ఆపి ఒకేసారి వదిలాం. బుధుడు ముందు దిగాడు. ఉత్త మాలు బంతి 8 సెంటీమీటర్లు వెనకబడింది, లెక్క చెప్పిందీ అంతే. అంగారకుడు ఈ రెండింటికీ మధ్యన.

దీని వెనకున్న రాశిని జడత్వ భ్రామకం అంటారు. అంతా ఒకే సాంద్రత ఉన్న గోళానికి దాని గుణకం 0.4. బరువు మధ్యకు చేరే కొద్దీ అది తగ్గుతుంది. భూమికి 0.331, అంగారకుడికి 0.364. గ్రహాలను ఎవరూ వాలు మీద దొర్లించలేరు కాబట్టి వాటి అక్షం బొంగరంలా తల తిప్పే తీరునూ, నౌకలను అవి లాగే తీరునూ కొలిచి ఈ అంకె రాబడతారు. ఇన్‌సైట్ దిగకముందే అంగారకుడికి బరువైన కోర్ ఉందని ఇలాగే తెలిసింది. మా అంగారకుడి బంతికి లెక్క వేస్తే 0.359 వచ్చింది. ఇంతకన్నా దగ్గరగా రావడం కష్టం.

రంగులు, పైపొరలు

ఇక్కడ స్కేలు కాస్త క్రూరంగా ఉంటుంది. ఎవరెస్టు 8.85 కి.మీ. అంటే మా భూమి మీద 0.09 మిల్లీమీటర్లు. సౌరకుటుంబంలో అతి పెద్ద అగ్నిపర్వతం, అంగారకుడి మీది ఒలింపస్ మాన్స్, 22 కి.మీ. ఎత్తు, 600 కి.మీ. వెడల్పు. మా బంతి మీద 6 మి.మీ. వెడల్పున్న రంగు చుక్క, మందం 0.2 మి.మీ. వేలు పెడితే అంచు తగిలీ తగలనట్టుంటుంది. వాలెస్ మెరినెరిస్ లోయ 4 సెం.మీ. పొడవు గీత, లోతు వెంట్రుకంత. నమూనాల్లో కొండల్ని పైకి పొడుచుకొచ్చేలా చేయడం నాకు ఇష్టం లేదు. ఇన్ని అగ్నిపర్వతాలూ లోయలూ ఉన్నా ఈ గ్రహాలు ఎంత నున్నగా ఉంటాయో చేతికి తెలియాలి.

అంగారకుడికి రెడ్ ఆక్సైడ్ పొడి వాడాం. అక్కడి దుమ్ముకు రంగునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే కాబట్టి ఇది రంగు ఒక్కటే కాదు, పదార్థం కూడా. బుధుడికి బూడిద రంగులో గ్రాఫైట్ పొడి కలిపాం. బుధుడు చందమామ కంటే నల్లగా ఉంటాడు. పురాతన పైపెంకులోని గ్రాఫైటే దానికి కారణమని మెసెంజర్ కొలతలు సూచిస్తున్నాయి. కాలోరిస్ గుంట ఒకటిన్నర సెం.మీ. వలయం. త్యాగరాజు పేరు పెట్టిన గుంట కూడా ఉంది బుధుడి మీద, దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు, అంటే మా బంతి మీద ఒక మిల్లీమీటరు. సన్నటి కుంచెతో ఆ చుక్క నేనే పెట్టాను.

రంగు ఆరాక బుధుడి మీద ఇంకో గుర్తు పెట్టి, దీపం చుట్టూ తిప్పి చూశాం. బుధుడు సూర్యుడి చుట్టూ రెండుసార్లు తిరిగేలోగా తన చుట్టూ తాను మూడుసార్లు తిరుగుతాడు. గుర్తు దీపం వైపు పెట్టి ఒక చుట్టు తిప్పితే అది సరిగ్గా చీకటి వైపుకు వచ్చింది. రెండో చుట్టు పూర్తయ్యాకే మళ్ళీ దీపం ఎదుటికి. అంటే ఒక మధ్యాహ్నం నుంచి ఇంకో మధ్యాహ్నానికి రెండు బుధ సంవత్సరాలు, 176 భూదినాలు. పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా, రాత్రి సున్నాకు దిగువన 180 దాకా పోయేది ఈ నిదానపు తిరుగుడు వల్ల, పైన వేడిని పట్టి ఉంచే గాలి లేకపోవడం వల్ల. 1965లో రాడార్ కొలతలు వచ్చేదాకా బుధుడు ఎప్పుడూ ఒకే ముఖం సూర్యుడికి చూపిస్తాడనే అందరూ నమ్మారు.

గాలి దగ్గరకొచ్చాక లెక్క నన్ను ఆపేసింది. శుక్రుడి వాతావరణం మొత్తం 4.8 × 10²⁰ కిలోలు. మా స్కేలులో అర గ్రాము కూడా లేదు! 4.87 కిలోల బంతి మీద అర గ్రాము వాయువు, అందులో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడ్. ఉపరితలం మీద 464 డిగ్రీల వేడి, మన దగ్గరి కంటే 92 రెట్ల పీడనం, ఆ అర గ్రాము చేసిన పనే. శుక్రుడు సూర్యుడికి దగ్గర కాబట్టి వేడి అనేస్తారు చాలామంది. నిజానికి తెల్లటి మబ్బులు మూడొంతుల వెలుగును వెనక్కి తిప్పి కొట్టేస్తాయి. చదరపు మీటరుకు లెక్కేస్తే శుక్రుడు పీల్చుకునే సూర్యరశ్మి భూమి పీల్చుకునే దానికంటే తక్కువ. లోపలికి వచ్చిన ఆ కొంచెం వేడి బయటికి పోలేకపోవడమే అక్కడి సమస్య. బుధుడు సూర్యుడికి ఇంకా దగ్గరున్నా శుక్రుడంత వేడెక్కడు.

శుక్రుడి మీద మబ్బుల పైఅంచు 70 కి.మీ. ఎత్తున ఉంటుంది, అంటే 0.7 మి.మీ. పాలమీగడ రంగును పొరలు పొరలుగా వేసి సరిగ్గా ఆ మందానికి తెచ్చాం. బంతిలో పావు వంతు మాత్రం మబ్బులు లేకుండా వదిలి, నారింజ, గోధుమ రంగుల్లో నేల చూపించాం. 1990ల్లో మెగెల్లాన్ నౌక రాడార్‌తో గీసిన పటం చూసి మాక్స్‌వెల్ పర్వతాలను, వాటి పక్కనే ఉన్న లక్ష్మీ పీఠభూమిని గుర్తించాం.

భూమికి సముద్రాలన్నీ కలిపి ఒక ఘన సెంటీమీటరు, ఇంకో మూడో వంతు. డ్రాపర్‌తో అంత నీలం రంగు తీసి గిన్నెలో వేసి, అందులోంచే సముద్రాలన్నీ పూశాం. భూమి వాతావరణం మొత్తం 5 మిల్లీగ్రాములు. దాన్ని చూపించే దారి ఏదీ దొరకలేదు. కార్డు మీద రాసి ఊరుకున్నాం.

తర్వాత: చందమామ

అక్క కూతురు చందమామ కూడా కావాలంది. వ్యాసం 3.47 సెం.మీ., కావాల్సిన బరువు 73.5 గ్రాములు. దీనికి గుండు సైజు వెతకాల్సిన పనే లేకపోయింది. చందమామ సగటు సాంద్రత 3.34, మా మాలు 3.3. దాని కోర్ వ్యాసార్థం 350 కి.మీ. దగ్గర, అంటే 7 మి.మీ. అడ్డుకొలత ఉన్న చిన్న బేరింగు బాల్ చాలు. భూమిని పెద్ద గోళం ఢీకొట్టినప్పుడు ఎగిరిన పై రాతి నుంచి చందమామ పుట్టిందని, ఇనుమంతా భూమిలోనే ఉండిపోయిందని చెప్పే వివరణకు ఈ చిన్న గుండు బాగా సరిపోతుంది. నిన్న అచ్చు విప్పి తూస్తే 73 గ్రాములు చూపించింది. ఇక దూరం ఒక్కటే మిగిలింది. భూమి బంతి నుంచి 3 మీటర్ల 84 సెంటీమీటర్లు. ఈ గదిలో మూల నుంచి మూలకు ఐతే పడుతుంది. రేపు దారం కట్టాలి.